బోర్ల నేసిన అంచు, పాత లాప్‌టాప్

రాస్తున్నవా బిడ్డా? ముందుగాల వాన సంగతి రాయి. నాకు లాప్‌టాప్ అనంగనే వాననే యాదికొస్తది. పాలమూరు బస్సు అద్దం మీద నీళ్లు కారుకుంట పోతుంటె, అవతల కంది చేన్లు, జొన్న చేన్లు, రాళ్ల గుట్టలు అన్ని కరిగి ఒకదాన్ల ఒకటి కలిసిపోతుండె. నేను నీ భుజం మీద తల పెట్టి సగం నిద్రల ఉన్న. సగం నిద్రల నాకెప్పుడు, పోగు మోసుకుంట అటు ఇటు ఉరికే నాడె సప్పుడు ఇనొస్తది. టక్, టక్. మగ్గం ఇడిచి ఎన్నేండ్లాయె, కాళ్లు మాత్రం ఇంక తొక్కుతనే ఉంటయి. నువ్వన్నవు, "అవ్వా, కాళ్లు ఆడిస్తున్నవు, ముందు సీటామె తిరిగి చూస్తాంది" అని.

నవ్వకు, గది సుత రాయి.

యాడికి పోతున్నమో చెప్పాలె గద. నువ్వు నా కొడుకు బిడ్డవు. ఇంటర్ అయినంక నీకు పాలమూరు కాలేజిల బట్టల డిజైను కోర్సుల సీటొచ్చింది. మనింట్ల మా అత్త, ఆమె అత్త, అందరు నారాయణపేట చీరలు నేసినోల్లే గని, దాన్ని కాలేజిల కూసోబెట్టి సదివిస్తరని నాకు గప్పుడే తెలిసింది. సీటొచ్చిన సంబురం రెండు దినాలు ఉండె. మూడో దినం కాలేజోల్లు ఒక కాగితం ఇచ్చిండ్రు. లాప్‌టాప్ ఉండాలె, దాంట్ల గింత ర్యామ్ ఉండాలె, బొమ్మలు గీసే ఫలానా సాఫ్ట్‌వేర్ ఉండాలె అని. మీ నాయిన గా కాగితం సదివి, మడత పెట్టి, మల్ల ఇప్పి సదివిండు. బట్టల దుకాణంల చీరలు చూపిచ్చే కొలువు గద ఆయనది, చేతికి ఏమొచ్చిన మడత పెట్టుడు, మల్ల ఇప్పి చూసుడు.

"అమ్మా, ఒక్కపారి కొనగల్గుతం. తప్పుది కొంటె రెండోపారి కొనే తాకత్ మనకు లేదు. గింత పరేషాన్ ఎందుకు? బీకాంల చేర్పిస్త. బీకాంకు ఫోన్ సాలు" అన్నడు.

నువ్వు పొయ్యి మీద చాయ పొంగి కారిపోతుంటె చూసుకుంట కూసున్నవు, దించలే. చిన్నప్పటి సంది నోటుబుక్కు ఎనక పేజీలల్ల అంచులు గీసుకునే పిల్లవు నువ్వు. నీకు బీకాం అంటె ఏమైతదో నాకెరుకే.

"నేను సుత వస్త దుకాణానికి" అన్న.

"నువ్వొచ్చి ఏం చేస్తవే అమ్మా? అది చీర గాదు."

"చీర గాకుంటె ఏమాయె. కొనుడు కొనుడే."

గట్ల ముగ్గురం బస్సెక్కినం.

మొదలు అద్దాల దుకాణానికి పోయినం. లోపలికి పోంగనే సల్లటి గాలి. లాప్‌టాప్‌లు వరుసగ నోర్లు తెర్సుకొని ఉన్నయి. ఒక్కోదాంట్ల ఒక్కో లోకం. ఒకదాన్ల మంచు కొండలు, ఒకదాన్ల నీలం నీళ్లు, ఇంకోదాన్ల ఎర్ర పువ్వుల తోట కదులుతాంది. యాడ సుత మనిషి లేడు. ఎవ్వరు లేని ఊర్లు అవ్వి. నేను గా నీళ్ల కాడ నిలబడి మర్సిపోయిన. బట్టలు పిండుకోనీకి మంచి బండ సుత ఉండె గా ఒడ్డున. నువ్వు చెయ్యి పట్టి గుంజినవు.

దుకాణమాయన సన్నటి లాప్‌టాప్ ఒకటి తెచ్చి పెట్టిండు. ఎండి పళ్లెం లెక్క మెరుస్తాంది. "లేటెస్ట్ మోడలమ్మా. కాగితమంత బరువు."

"తిరగెయ్యి" అన్న.

"ఏందమ్మా?"

"ఎనక పక్క చూపియ్యి, అయ్యా."

నేనెప్పుడు చీరను మీది నుంచి చూసి కొనలే. తిరగేస్తెనే తెలుస్తది, పోగు యాడ తెగింది, యాడ ముడేసిండ్రు అని. ఆయన నవ్వుకుంట తిరగేసిండు. ఎనక అంత నున్నగ ఉన్నది, యాడ సందు లేదు.

నువ్వడిగినవు, "దీన్ల ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా?" అని.

"పెంచరాదు మేడమ్. లోపలనే అతికిచ్చి వస్తది."

"తెగితె?" అన్న నేను.

"ఏం తెగుతదమ్మా?"

"ఏదన్న. మగ్గం మీద పోగు తెగితె నేనే ముడేసుకునేదాన్ని. దీన్ల ఏదన్న పోతె?"

"బోర్డు మొత్తం మార్చాలెనమ్మా" అన్నడు. మీ నాయిన ధర చీటి చూసి తల అటు తిప్పుకున్నడు.

కాగితంల రాసిన సాఫ్ట్‌వేర్ దీన్ల ఉందా అని నువ్వడిగినవు. అది వేరే అన్నడు. నెల నెల కట్టాల్నంట. సదువుకునే పిల్లలకు తక్కువకిస్తరంట, సదువు అయిపోయినంక పూర కట్టాల్నంట.

"అంటె కిరాయినా?" అన్న.

"గట్లనే అనుకోండ్రి."

"కట్టుడు ఆపితె?"

"తెరుసుకోదు."

"మరి అండ్ల ఈమె గీసుకున్న బొమ్మలు?"

"బొమ్మలు మీ కాడనే ఉంటయమ్మా. దాంట్ల తెరవాలంటెనే మల్ల కట్టాలె."

గా మాట ఇనంగనే నాకు ఒక పాత తాళం యాదికొచ్చింది. గిది నీకు గప్పుడు చెప్పలే, ఇప్పుడు చెప్తున్న, రాసుకో.

నేను నీ అంత ఉన్నప్పుడు మాకు సొంత మగ్గం లేకుండె. సావుకారు షెడ్డుల నేసేటోల్లం. మగ్గం ఆయనది, నూలు ఆయనది, జరీ ఆయనది. అంచు లెక్కలు గీసిన గళ్ల కాగితాలు సుత ఆయనవే. ఒక వానకాలం నా మనసుల ఒక అంచు పడ్డది. ఎట్ల పడ్డదో తెల్వదు. షెడ్డు రేకుల మీద వాన కొడుతుంటె, కండ్ల ముందట గుడి శిఖరాలు వరుసగ నిలబడ్డయి. శిఖరానికి శిఖరానికి నడుమ ఒక చిన్న దీపం. గళ్ల కాగితం మీద పెన్సిల్‌తోని నింపిన. సావుకారు చూసి మంచిగున్నదన్నడు, దానికో నంబర్ ఏసిండు, నాతోనే నేపిచ్చిండు. మూడు నెలలు అదే నేసిన.

మల్ల మీ నాయిన కడుపుల పడ్డంక సొంత మగ్గం పెట్టుకుందమని షెడ్డు ఇడిసినం. పోయేటప్పుడు గా కాగితం అడిగిన. "కాగితం షెడ్డుదమ్మా" అన్నడు. కోపంతోని అనలే, మామూలుగనే అన్నడు. అని, మడత పెట్టి పెట్టెల ఏసి తాళమేసిండు. గంతే. సొంత మగ్గం మీద ఆర్డరిచ్చినోల్లు అడిగిన అంచులే నేసిన. నాది ఎవ్వరు అడగలే. ఎన్నోపారి యాదికి తెచ్చుకుందమని కూసున్న గని, లెక్క యాడ మొదలైతదో అందకపోతుండె. కలల మాత్రం వస్తుండె. కలల దీపాలన్ని ఎలిగి ఉంటుండె, చెయ్యి పెడితె చెరిగిపోతుండె.

అందుకే అద్దాల దుకాణం మెట్లు దిగుకుంట అన్న, "పిల్లా, నువ్వు గీసింది తెరుసుకోనీకి ఇంకొకని తాళంచెయ్యి అడగొద్దు" అని. నువ్వు నా మొఖం చూసినవు. మీ నాయిన గొడుగు ఇప్పుకుంట, "అయితే ఇంటికి పోదమా?" అన్నడు. నీ మొఖం గప్పుడే మబ్బు పట్టింది.

"ఆగు, ఇంకో దుకాణం చూద్దం" అన్న.

బస్టాండు ఎనక గల్లీల, మేడ మీద, గా భాయ్ దుకాణం. పాత లాప్‌టాప్‌లు బాగు చేసి అమ్ముతడు. మేం మెట్లెక్కుతుంటెనే కేకేసిండు, "రాండ్రి పెద్దమ్మా, జర సంబాలించుకోని. మూడో మెట్టు ఒంకర ఉన్నది." ఆ మాటకే నాకు ఆయన మీద నమ్మకం కలిగింది. ఒంకర ఉన్నది ముందే చెప్పినోడు గద.

ఆఫీసులల్ల వాడి ఇడిసిన లాప్‌టాప్‌లు నల్లగ, బండగ పేర్చి ఉన్నయి. ఒకటి తీసి తిరగెయ్యుమంటె, నవ్వకుండ తిరగేసిండు. అడగకముందే స్క్రూలు ఇప్పిండు. లోపల చిన్న ఊరు ఉన్నది బిడ్డా. సన్న సన్న దార్లు, చిన్న చిన్న ఇండ్లు.

"ఇగో, ఈడ ఒక ర్యామ్ ఉన్నది. పక్క జాగా ఖాళీ. చేతిల పైసలున్నప్పుడు ఇంకోటి పెట్టుకోండ్రి. పాత డిస్క్ తీసి కొత్తది ఏసిన, జల్ది తెరుసుకుంటది. బ్యాటరీ మాత్రం రెండు గంటలే, అబద్ధమెందుకు?"

"ఎర్ర రంగు పెట్టు దీన్ల" అన్న.

తెర నిండ ఎరుపు పెట్టిండు. నేను గా లాప్‌టాప్ రెండు చేతులతోని ఎత్తుకొని గుమ్మం కాడికి నడిసిన. దుకాణంల లైట్ల కింద చీర రంగు తెల్వదు, గుమ్మం కాడ పొద్దు ఎలుగుల చూడాలె. ఎన్నేండ్ల అలవాటో.

"పెద్దమ్మా, పెద్దమ్మా! అది చీర గాదు!" అని భాయ్ ఎనకెనక ఉరికొచ్చిండు. మీ నాయిన "నేను చెప్పలేదా" అన్నట్టు గోడకొరిగిండు. నువ్వయితె సిగ్గుతోని మొఖం చున్నీల పెట్టుకున్నవు.

వాన ఎలుగుల పట్టి అటు నుంచి చూసిన, ఇటు నుంచి చూసిన. ఎదురుంగ చూస్తె ఎరుపు, పక్క నుంచి చూస్తె కాలిన ఇటుక. "ఇది ఒద్దు" అన్న. ఇంకోటి తెప్పిచ్చిన. మీది మూత గీతలు పడ్డది, మీటల మీద అక్షరాలు అరిగినయి. గని గా ఎరుపు! ఏ పక్క నుంచి చూసిన ఎరుపు ఎరుపే. మన చీరల ఎరుపు.

భాయ్ నవ్వుడు ఆపిండు. "పిల్లకు రంగుల పని ఉన్నదంటె గిదే తీస్కపోండ్రి. గీ తెర మంచిది. గిరాకీలు గీతలు చూసి దీన్ని ఇడిసిపెడుతున్నరు, పెద్దమ్మా."

"మరి సాఫ్ట్‌వేర్?" అన్నడు మీ నాయిన.

భాయ్ గొంతు తగ్గిచ్చిండు. "కాలేజోల్లు చెప్పిందే ఏస్త. కాపీ, పైసలు కట్టే పని లేదు. ఎవ్వరికి తెల్వదు."

నేను మీ నాయిన దిక్కు చూసిన. "కొడుకా, మిషన్ల అచ్చేసిన మన అంచును చేనేత అని అమ్మితె నువ్వేమంటవు దుకాణంల?"

"దొంగలని అంట" అన్నడు తల ఒంచుకొని.

"మరి మనం?"

భాయ్‌కి సమజైంది. చెవులు పట్టుకున్నట్టు చేసి, "తప్పయింది పెద్దమ్మా. ఊకెనే ఇచ్చేటియి సుత ఉన్నయి. తయారు చేసినోల్లే అందరిని వాడుకోమన్నరు. కిరాయి లేదు, దొంగతనం లేదు" అన్నడు.

మీ నాయినకు నమ్మకం కుదరలే. "ఊకెనే వచ్చిందాంట్ల ఏముంటది? మేం చీర మీద ఇచ్చే సంచి లెక్క, రెండు దినాలకు చినుగుతది."

నువ్వు ఆడికెళ్లే కాలేజి మేడమ్‌కు ఫోన్ చేసినవు. నేను నీ ఈపు మీద చెయ్యి పెట్టిన. మేడమ్ అన్నది, "ఏ సాఫ్ట్‌వేర్ అయితేంది, పని అయితె సాలు. గని అయితదని చూపియ్యాలె. శనివారం ఒక అంచు గీసి తీసుకరా. యాడనో చూసినట్టు ఉండొద్దు."

వారం లోపల తెస్తె వాపస్ తీసుకుంటనని భాయ్ మాటిచ్చిండు. మీ నాయిన గా మాట పట్టుకున్నడు. "సరే. శనివారం మేడమ్ ఒప్పుకుంటె ఉంచుకో. లేకుంటె లాప్‌టాప్ భాయ్‌కి, నువ్వు బీకాంకు." ఆయన చెడ్డోడు గాదు బిడ్డా. మగ్గం ఎట్ల బందయిందో చూసిన కండ్లు ఆయనవి. నిన్ను మల్ల గా దారిల పంపుడంటె బుగులు.

ఇంటికొచ్చి ఫోన్ నెట్‌తోని గా ఊకెనే వచ్చేది ఎక్కిచ్చినవు. ఆకుపచ్చ గీత మెల్లగ, మెల్లగ, పాలు మరిగినట్టు పైకి పోతుండె. రెండు దినాలు నువ్వు పువ్వులు గీసినవు, మామిడి పిందెలు గీసినవు, చెరిపినవు. "ఏది గీసిన యాడనో చూసినట్టే ఉంటాంది అవ్వా" అని ఏడుపు మొఖం పెట్టినవు.

శుక్రవారం పగటీలి. వాన ఎలిసింది, కరెంటు పోయింది. వాకిట్ల నుంచి మట్టి ఆవిరి లేస్తాంది. నేను మంచం మీద కూసోని ఊకెనే నీ తెర దిక్కు చూస్తున్న. నువ్వు ఏం నొక్కినవో, తెర నిండ సన్నటి గళ్లు పరుసుకున్నయి.

"గళ్ల కాగితం!" అన్న.

"అవునవ్వా. ఒక్కో గడి నింపుకుంట పోతె అంచు అయితది."

మంచం మీద నుంచి కాళ్లు కిందికి ఏలాడేసిన. కండ్లు మూసుకున్న. తలను అడగలే ఈసారి, కాళ్లను అడిగిన. కుడికాలు తొక్కింది. ఎడమకాలు తొక్కింది. టక్, టక్. నోటికెళ్లి లెక్క దానంతల అదే వచ్చింది.

"రెండు నింపు. ఒకటి ఇడువు. ఐదు నింపు. మూడు ఇడువు. ఇగ కింది వరుస."

ఎంతసేపు చెప్పిన్నో తెల్వదు. షెడ్డు రేకుల మీద వాన ఇనొచ్చింది. గంజి వాసనొచ్చింది. నా పక్క మగ్గం మీది ఆమె దగ్గినట్టు సుత అనిపిచ్చింది. ఆమె పోయి ఎంత కాలమాయె. నువ్వు మధ్య మధ్య "మల్ల చెప్పు" అంటె, గా మాట శానా దూరంకెళ్లి వస్తుండె.

"అయిపోయిందవ్వా" అన్నవు.

కండ్లు తెరిసిన. శిఖరం లేదు, దీపం లేదు. నల్లటి దాన్ల యాడికాడ తెల్లటి చిల్లులు. గప్పుడే మీ నాయిన బువ్వకొచ్చిండు. వంగి చూసిండు. "గిదేందమ్మా, పుర్గు కొట్టిన బట్ట లెక్క ఉన్నది" అన్నడు. మల్ల నీ మొఖం చూసి గొంతు మెత్తగ చేసిండు. "పోనీ తియ్యి బిడ్డా. సోమవారం బీకాం సంగతి నేను కనుక్కొస్త."

నువ్వు లాప్‌టాప్ మూత సగం దించినవు. నేను గోడ దిక్కు తిరిగి పండుకున్న. నా అంచు నిజంగనే పోయింది, నీ సదువును సుత తీస్కపోయింది అనుకున్న. కండ్లు మూతపడ్డయి. గా కునుకుల నేను మల్ల షెడ్డుల ఉన్న. మగ్గం కిందికి వంగి చిన్న అద్దం పట్టుకున్న. అద్దంల దీపాలు ఎలుగుతున్నయి. ఒకటెనక ఒకటి, నిండుగ.

దెబ్బన లేసి కూసున్న. "పిల్లా! బోర్ల! అది బోర్ల ఉన్నది!"

"ఏం బోర్ల అవ్వా?"

"మేం చీర బోర్ల నేసేటోల్లం! మంచి మొఖం కింది దిక్కుంటది, మాకు మీదికెళ్లి కనపడేది ఎనక పక్క. అంచు మంచిగొస్తాందో లేదో చూసుకోనీకి కింద అద్దం పట్టేటోల్లం. కాళ్లకు యాదున్నది గదే, నేను నీకు ఎనక పక్క చెప్పిన! నింపినయన్ని ఇడువు, ఇడిసినయన్ని నింపు!"

"మొత్తం మల్ల చెయ్యాల్నా? బ్యాటరీ ఎర్రగయింది అవ్వా, కరెంటు లేదు..." అన్నవు. మల్ల "ఆగు ఆగు" అని గా ఊకెనే వచ్చిన సాఫ్ట్‌వేర్‌ల ఏదో ఎతికినవు. ఒక్కటే మీట నొక్కినవు.

గంతే. నలుపు తెలుపాయె, తెలుపు నలుపాయె. శిఖరాలు లేసి నిలబడ్డయి. నడుమ నడుమ దీపాలు.

మీ నాయిన చేతిల బువ్వ పళ్లెం అట్లనే ఉండె. కింద పెట్టి, తుడుసుకున్న ఏలుతోని తెర మీద అంచు ఎంబడి మెల్లగ తడుముకుంట పోయిండు. "ఇరువై ఏండ్ల సంది చీరలు చూపిస్తున్న. గీ అంచు ఏ దుకాణంల చూడలే. ఎవ్వరిదమ్మా గిది?"

"నాది" అన్న. గా మాట అననీకి నాకు గింత కాలం పట్టింది.

నువ్వు గా అంచును లాప్‌టాప్‌ల దాస్తుంటె, పేరేం పెట్టాలె అని మిషన్ అడిగింది. దానికెన్నడు పేరు లేదు, సావుకారు ఏసిన నంబరే. నేను ఆలోచిస్తుంటెనే నువ్వు బుగులుతోని పేరు పెట్టకుండనే నొక్కి దాసినవు, మరునిమిషం తెర ఆరిపోయింది.

శనివారం పొద్దుగాల మీ నాయిన లాప్‌టాప్‌ను పాత చేనేత తువ్వాలల సుట్టిండు. కొత్త చీరను గిరాకీకి ఇచ్చేటప్పుడు ఎట్ల సుడతరో గట్ల, కొసలు లోపలికి మడిసి. నీ చేతిల పెట్టి, "మేడమ్ ఒప్పుకోకుంటె ఫోన్ చెయ్యి. వాపసు గాదు, నేనొచ్చి మాట్లాడుత" అన్నడు. గా మాటతోనే నాకు సగం బరువు దిగింది. మిగిలిన సగం మాపటికి నీ ఫోన్ వచ్చినంక దిగింది. మేడమ్ రెండుపార్లు చూసిందంట. ఏ సాఫ్ట్‌వేర్ అని అడగనే లేదంట. లెక్క ఎవ్వరు చెప్పిండ్రని అడిగిందంట. హాజరు బుక్కుల నీ పేరు ఎక్కిందంట.

ఇప్పుడు నీ కోర్సు ఆఖరు ఏడాది. గా ఖాళీ జాగాల ఇంకో ర్యామ్ పెట్టుకున్నవు, బ్యాటరీ మార్చినవు, స్క్రూలు ఇప్పుడు నువ్వే ఇప్పుకుంటవు. అక్షరాలు ఇంకింత అరిగినయి. అయినా చూడకుండనే గింత సేపటి సంది నా మాటలు కొడుతున్నవు.

గా అంచు ఇంక పేరు లేకుండనే ఉన్నదా దీన్ల? ఎవ్వరిని అడగకుండనే తెరుసుకుంటది గద?

అయితే జర రాసుడు ఆపు బిడ్డా. తెరువు, చూస్త.